గరిక భయపడేది కొడవలికి కాదు, నీడకు



వినాయక చవితినాడు పూజకు గరిక కావాలని పిల్లలను గట్ల మీదికి పరుగెత్తిస్తాం. పండగ వెళ్లిన మరునాడు అదే గరిక చేనులో కనబడితే "ఇదెక్కడి పీడరా" అని తిట్టుకుంటాం. దీన్ని కన్నడంలో గరికె అంటారు. తమిళంలో అరుగంపుల్లు, మరాఠీలో హరళీ లేదా దూర్వా, ఒడియాలో దూబ అంటారు. రెండు భాషల మధ్య బతికే మనకు పేర్లు ఎన్ని ఉన్నా గడ్డి ఒక్కటే, దానితో పడే పాటూ ఒక్కటే. ఈనాటి ప్రసంగంలో రెండు ప్రశ్నల గురించి ముచ్చటించుకుందాం. గరికను కోస్తే ఏమవుతుంది? గరికకు ఎరువు అందితే ఏమవుతుంది?

నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. కోలారు జిల్లాలో ఒక పల్లె బడిలో పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ గరిక గొడవ నా దాకా రావడానికి ఇద్దరు మనుషులు కారణం.

మొదటివారు మా బడి డ్రిల్లు మాస్టరు. మైదానంలో పిల్లలు పడితే మోకాళ్లు చీరుకుపోతున్నాయని, పచ్చగడ్డి ఉంటే బాగుంటుందని ఆయన కోరిక. గట్ల నుంచి గరిక తెప్పించి నాటించారు. పదిహేను రోజులకొకసారి కోయించారు. వాన పడ్డప్పుడల్లా కాస్త యూరియా చల్లించారు. ఏడాది తిరిగేసరికి మైదానం తివాచీ పరచినట్టు అయింది. ఆయన సంతోషానికి హద్దు లేదు.

రెండోవారు మా చిన్నాయన. ఆయనకు బోరు కింద ఒక ఎకరం మల్బరీ ఉంది. మా వైపు రేష్మె తోట అంటాం. ఆ ఎకరం మీద వచ్చే పట్టుగూళ్లతోనే ఇల్లు గడవాలి, పిల్ల చదువు సాగాలి. తోట నిండా గరిక. ఆయన ఏం చేసేవాడు? పదిహేను రోజులకొకసారి సాళ్ల మధ్య గరిక కోసి ఆవులకు వేసేవాడు. ఆకు పాలిపోయిందని యూరియా చల్లేవాడు. గరిక నానాటికీ దట్టమైంది. మల్బరీ ఆకు చిన్నదైపోయింది. ఆకు చాలక రెండుసార్లు బయట కొని పురుగులకు వేశాడు. కొన్న ఆకు ఖర్చు పోతే గూళ్లలో మిగిలింది ఏమీ లేదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమప్పా అయివారూ, ఇంగ ఈ తోట పెరికేస్తా. గరిక నన్ను గెలిచింది" అన్నాడు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. డ్రిల్లు మాస్టరు గరిక కావాలని కోత కోయించి యూరియా చల్లించారు. చిన్నాయన గరిక వద్దని కోత కోసి యూరియా చల్లాడు. పని ఒక్కటే. ఫలితమూ ఒక్కటే. ఒకరు నవ్వారు, ఒకరు ఏడ్చారు. అంతే తేడా. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే గరిక ఎలా బతుకుతుందో ముందు తెలుసుకోవాలి.

గరికను ఒకదాన్ని జాగ్రత్తగా తవ్వి తీసి చూడండి. మూడు భాగాలు కనిపిస్తాయి. పైన ఆకుపచ్చని పోచలు. నేల మీద పాకే తీగలు. నేల లోపల పాకే తెల్లని, గట్టి కాడలు. ఈ తెల్లనివాటిని మనం వేర్లు అనుకుంటాం. అవి వేర్లు కావు. నేల కింద పెరిగే కాండాలు. చెరుకు గడకు ఉన్నట్టే వాటికి కణుపులు ఉంటాయి. ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. పైన పోచలు ఎండలో తయారుచేసిన ఆహారంలో కొంత ఈ కాడల్లో దాచి ఉంటుంది. అంటే నేల లోపల ఉన్నది గరిక గాదె అన్నమాట. ఈ గాదె చాలావరకు జానెడు లోతులోనే ఉంటుంది. వదులు నేల అయితే ఇంకా లోతుకూ దిగుతుంది.

ఇప్పుడు కోత సంగతి చూద్దాం. తులసి మొక్క కొన తుంచితే ఏమవుతుంది? పక్క కొమ్మలు నాలుగు వస్తాయి. కొనలో ఉన్న మొగ్గ మిగతా మొగ్గలను అణచి ఉంచుతుంది. కొన పోగానే వాటికి స్వేచ్ఛ వస్తుంది. గరికలోనూ అంతే. కోసినకొద్దీ పిలకలు పుడతాయి. పైగా గడ్డిజాతి మొక్కల్లో ఆకు పెరిగేది కొన నుంచి కాదు, మొదలు నుంచి. ఆ మొదలు నేలకు అంటుకుని ఉంటుంది. పశువు మేసినా, కొడవలి తెగినా అది చెక్కుచెదరదు. వేల ఏళ్లుగా పశువుల నోటి కింద బతికిన గడ్డికి మన కొడవలి కొత్త ఏమీ కాదు.

ఇంకొక సంగతి ఉంది. ఇది చాలామంది గమనించరు. చేనులో గరిక ఒక్కటే ఉండదు. వయ్యారిభామ ఉంటుంది, తోటకూర జాతి మొక్కలు ఉంటాయి. అవి నిటారుగా పెరిగి గరిక మీద నీడ వేస్తాయి. కొడవలి పెట్టినప్పుడు ముందు తెగేవి అవే. వాటి పెరిగే కొన పైన ఉంటుంది కాబట్టి దెబ్బ తింటాయి. నేలకు కరుచుకుని ఉన్న గరికకు మాత్రం ఆకులు కొన్ని మిగిలే ఉంటాయి. మనం గరికను కోశామని అనుకుంటాం. నిజానికి గరికకు పోటీగా ఉన్నవాళ్లను తొలగించి, దానికి ఎండ దారి తెరిచాం.

అయితే కోత వల్ల గరికకు నష్టమే లేదా? ఉంది. కోసిన తరువాత కొత్త పోచలు రావడానికి అది గాదెలోంచి కొంత తీసి ఖర్చు పెట్టాలి. మళ్లీ ఆకులు విప్పుకున్న తరువాత ఎండలో సంపాదించి గాదె నింపుకుంటుంది. మీరు నెలకొకసారి కోస్తే ఖర్చు పెట్టినదంతా తిరిగి నింపుకోవడానికి దానికి కావలసినంత వ్యవధి ఇచ్చినట్టే. మేతకోసం గడ్డి పెంచేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊరి పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త పశువుల మేతకోసం గరికలోనే కోస్టల్ అనే మేలు రకాన్ని తయారుచేసి 1943లో విడుదల చేశాడు. అక్కడి రైతులు దానికి బాగా నత్రజని వేసి, నాలుగైదు వారాలకొకసారి కోసి, ఎండబెట్టి పశువులకు దాచుకుంటారు. వాళ్లు పంటగా పెంచే పద్ధతినే మా చిన్నాయన తెలియక కలుపుకు పాటించాడు.

ఇక ఎరువు సంగతి. యూరియాకు మల్బరీ ఏది, గరిక ఏది అన్న భేదం తెలియదు. ఎవరి వేరు ముందు అందుకుంటే వారిదే. సాళ్ల మధ్య పైపైన చల్లిన యూరియా తడికి కరిగి మొదట చేరేది పై నాలుగు వేళ్ల మట్టిలోకి. అక్కడ వల అల్లినట్టు కూర్చున్నవి గరిక వేర్లు. మల్బరీ వేర్లు దానికంటే దిగువన ఉంటాయి. పైగా మట్టి కప్పకుండా చల్లిన యూరియాలో కొంత ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మిగిలినదాంట్లో సింహభాగం గరిక నోట్లోకి.

లెక్కలో చెబుతాను. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ నీటి వసతి ఉన్న వి-1 రకం మల్బరీ తోటకు హెక్టారుకు ఏడాదికి 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాషియం సిఫారసు చేసింది. దీన్ని ఐదు కోతలకు ఐదు భాగాలుగా వేయాలి. ఎకరం లెక్కన నత్రజని సుమారు 140 కిలోలు, అంటే కోతకు 28 కిలోలు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అంతా యూరియా రూపంలోనే వేస్తే కోతకు సుమారు 60 కిలోలు, 45 కిలోల బస్తాల లెక్కన ఒక బస్తా దాటి మూడోవంతు. ఏడాదికి ఐదుసార్లు ఇంత ఎరువు నేలకు చేరుతోందంటే, అది ఎవరికి అందుతోందన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. మల్బరీ కొమ్మలు కోసిన రెండు మూడు వారాలకు ఎరువు వేస్తాం. ఆ సమయంలో తోట ఎలా ఉంటుంది? బోడిగా ఉంటుంది. చిగుళ్లు అప్పుడే వస్తుంటాయి. నేల మీద ఎండ పరచుకుని ఉంటుంది. అంటే ఏడాదికి ఐదుసార్లు గరికకు ఎండనూ ఎరువునూ ఒకే వారంలో వడ్డిస్తున్నాం. అదే యూరియా మల్బరీ ఆకు కమ్ముకుని సాళ్లు చీకటి పడ్డ తోటలో అయితే ఏమవుతుంది? మల్బరీ ఇంకా దట్టమవుతుంది, గరిక మీద నీడ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి ఎరువు ఎవరినీ గెలిపించదు. అప్పటికే పైచేయిగా ఉన్నవారికి ఇంకొంత బలం ఇస్తుంది.

నీడ మాట ఎత్తాను కదా. ఈ విషయం నాకు పుస్తకంలో తట్టలేదు. మా డ్రిల్లు మాస్టరు మైదానంలో తట్టింది. మైదానం ఒక మూల పెద్ద కానుగ చెట్టు ఉంది. దాని కింద ఒక్క పోచ గరిక మొలవలేదు. మైదానమంతటికీ వేసినట్టే అక్కడా యూరియా వేశారు, నీళ్లు పోశారు, నాలుగుసార్లు తెచ్చి నాటారు. పిల్లలు అక్కడ కూర్చుని తొక్కడం వల్ల పోయిందేమో అనుకున్నాం. కానీ పిల్లలు రోజూ కబడ్డీ ఆడే చోట గరిక పచ్చగానే ఉంది. తొక్కుడు కారణం కాదని తేలిపోయింది. కారణం నీడ. గరిక మండుటెండలో మిగతా చాలా మొక్కలకన్నా చురుకుగా ఆహారం తయారుచేసుకోగల గడ్డి. నీడలో మాత్రం ఆ సామర్థ్యం పనికిరాదు. దాని రాబడి తగ్గిపోతుంది, గాదె నిండదు. పోచలు సన్నబడి, పాలిపోయి, పైకి సాగి చివరికి పలచబడతాయి.

మీరు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గరిక దట్టంగా ఉన్నచోట ఒక ఇనుప తట్ట బోర్లించండి. పక్కనే అంతే స్థలంలో గరికను వారానికొకసారి కత్తెరతో కోయండి. మూడు వారాల తరువాత తట్ట తీసి చూడండి. కోసినచోట పచ్చగానే ఉంటుంది. తట్ట కింద పసుపు పచ్చగా, నీరసంగా ఉంటుంది. అయితే చచ్చిపోయిందని సంబరపడకండి. తట్ట తీసేస్తే కొద్దిరోజులకు మళ్లీ తలెత్తుతుంది. గాదెలో ఇంకా గింజలున్నాయన్నమాట. దాన్ని ఖాళీ చేయాలంటే ఓపిక కావాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ సంగతులేవీ తెలియని రోజుల్లో బడి కూరగాయల మడిలో గరిక పడిందని, జులై వానల్లో పిల్లలచేత పారలతో తవ్వించాను. పిల్లలు ఉత్సాహంగా ముక్కలు ముక్కలు చేశారు. తీసిన గరికను మడి పక్కనే కుప్ప వేయించాను. మూడు వారాలకు కుప్పే పచ్చబడింది. మడిలో ఒకటి ఉన్నచోట పది మొలకలు వచ్చాయి. కణుపు ఉన్న ప్రతి ముక్కా తడి మట్టి తగిలితే ఒక మొక్కే. వానల్లో గరికను తవ్వడం అంటే దాన్ని నాటడమే. అదే తవ్వకం ఎండాకాలంలో చేస్తే తెల్లకాడలు పైకి వచ్చి ఎండకు వడిలి, ఎండి, చచ్చిపోతాయి. పని ఒక్కటే అయినా నెల మారితే ఫలితం తలకిందులవుతుంది.

చిన్నాయన తోటలో మేం ఏం చేశామో ఇప్పుడు చెబుతాను. ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. పనులు అవే. వాటి వరస మార్చాం.

మొదటిది, వేసవి దున్నకం. ఏప్రిల్‌లో కొమ్మలు కోసిన వెంటనే సాళ్ల మధ్య దున్ని, దంతె తోలి, గరిక కాడలను పైకి లాగాం. డ్రిప్పు ఉండడం వల్ల మొక్క మొదళ్లకే తడి, సాళ్ల మధ్య నేల పొడి. కాడలను ఎండలో వదిలేసి, బాగా పెళుసెక్కిన తరువాత ఏరి బయట వేశాం. పచ్చిగా ఉన్నవాటిని పేడదిబ్బలో వేయలేదు. వేస్తే వచ్చే ఏడాది ఎరువుతోపాటు అవి మళ్లీ తోటకే వస్తాయి. మిగిలిన కాడలు మొలకెత్తినప్పుడల్లా, ఆకు విప్పుకుని గాదె నింపుకోకముందే, రెండు మూడు వారాలకొకసారి మళ్లీ తోలాం. వాన మొదలైన తరువాత దంతె జోలికి పోలేదు.

రెండోది, ముందు కలుపు, తరువాతే ఎరువు. కొమ్మలు కోశాక కలుపు తీయకుండా యూరియా సంచి విప్పకూడదని నియమం పెట్టుకున్నాం. వేసేటప్పుడు చల్లడం మానేసి, మొక్కల వరస పక్కన చిన్న గాడి తీసి అందులో వేసి మట్టి కప్పాం. ఎరువు అదే మోతాదు. చేరిన చోటు వేరు.

మూడోది, ఖాళీ నేలకు కప్పు. మల్బరీని జంట సాళ్లుగా నాటితే జంటకూ జంటకూ మధ్య ఐదడుగుల ఖాళీ ఉంటుంది. గరికకు రాజమార్గం అదే. వానల్లో అక్కడ అలసంద, ఇంకొక విడత జనుము చల్లాం. అవి త్వరగా పెరిగి నీడ వేశాయి. పూత దశకు రాగానే కోసి అక్కడే పరిచాం. పురుగులు ఆకు తిని వదిలిన పుల్లలు కూడా బయట పారేయకుండా సాళ్ల మధ్యే పరిచాం. ఖర్చుకు వెనుకాడనివారు నల్ల ప్లాస్టిక్ పట్టా కూడా వాడతారు. ఏది పరిచినా సూత్రం ఒకటే. నేలకు ఎండ తగలకూడదు.

నాలుగోది, గట్టు కాపలా. తోటలోకి గరిక గట్టు మీదినుంచే పాకి వస్తుంది. గట్టుకూ తోటకూ మధ్య మూరెడు వెడల్పు చెక్కి శుభ్రంగా ఉంచాం. గట్టు మీద గరికను మాత్రం తీయలేదు. అక్కడ అది మట్టిని కోసుకుపోకుండా పట్టి ఉంచుతుంది, ఆవులకు మేత అవుతుంది. గరిక ఉండకూడని చోటు తోట. గట్టు దాని ఇల్లే.

గడ్డి మందుల గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. గాదె దాకా దిగి పనిచేసే మందులు ఆకుల ద్వారానే లోపలికి పోవాలి. అప్పుడే కోసిన గరిక మీద కొడితే పట్టుకోవడానికి ఆకు ఉండదు, డబ్బు దండగ. ఇక పట్టుపురుగు తినే ఆకు మీద ఏ మందు తుంపర పడినా పంటకు పంటే పోవచ్చు. అందుకని పట్టుపరిశ్రమ శాఖ అధికారిని అడగకుండా మందు డబ్బా ముట్టవద్దు.

మీది మల్బరీ కాకపోవచ్చు. శ్రీనివాసపురం వైపు లేత మామిడి తోట కావచ్చు, బళ్లారి వైపు మిరప కావచ్చు, హోసూరు వైపు గులాబీ కావచ్చు. పంట ఏదైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. నా నేల మీద ఎండ ఎక్కడ పడుతోంది? నేను వేసే ఎరువు మొదట ఎవరి వేరుకు తగులుతోంది? నేను తవ్వేటప్పుడు నేల తడిగా ఉందా, పొడిగా ఉందా? ఈ మూడింటికి జవాబు తెలిస్తే గరిక సగం లొంగినట్టే.

మా చిన్నాయన తోట పెరకలేదు. గరిక కూడా పూర్తిగా పోలేదు. మొదటి ఏడాది తేడా పెద్దగా కనబడక, "నీ బడి పాఠం నా తోటలో పనికిరాదప్పా" అని విసుక్కున్నాడు కూడా. రెండో వేసవి దున్నకం అయ్యాక, వానల్లో మల్బరీ సాళ్లు కమ్ముకున్నప్పుడు, వంగి సాళ్ల మధ్య చూసి ఏమీ అనలేదు. ఆ పంటకు ఆకు బయట కొనలేదు. చంద్రికల నిండా గూళ్లు అల్లుకున్నాయి. శిడ్లఘట్ట సంతకు గూళ్లు వేసుకుని పోయి, తిరిగి వస్తూ మా ఇంటి ముందు ఆగి, పిల్లలకు బూందీ పొట్లం ఇచ్చి పోయాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

మా బడి మైదానంలో డ్రిల్లు మాస్టరు ఇప్పటికీ పదిహేను రోజులకొకసారి గరిక కోయిస్తారు. పిల్లలు పడినా మోకాళ్లు చీరుకోవడం లేదు. కానుగ చెట్టు కింద నాటడం మాత్రం ఆయన మానేశారు. అక్కడ ఇప్పుడు రెండు బండలు వేయించి, మధ్యాహ్నం పిల్లలు కూర్చుని అన్నం తినే చోటు చేశారు.

ఈసారి మీ చేతిలో కొడవలి ఉన్నప్పుడు, కోసేముందు ఒకసారి తలెత్తి ఎండ ఎటునుంచి పడుతోందో చూడండి.